సుమారు బండి ఎంత మోస్తుంది

సుమారుకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎందుకు పెట్టారో వీధంతటికీ తెలుసు. ఎన్నింటికి వస్తావయ్యా అంటే "సుమారుగా పదింటికి" అనేవాడు. బండి ఎక్కడ పెట్టావంటే "సుమారుగా మలుపు దగ్గర" అనేవాడు. ఒకసారి డాక్టరు వయసెంతని అడిగితే "సుమారుగా నలభై" అన్నాడు. డాక్టరు కలం ఆపి మొహంలోకి చూసేసరికి, "దాటి కూడా ఉండొచ్చు లెండి" అని సర్దుకున్నాడు.

ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసే చిన్న ట్రక్కు అతనిది. ముందు క్యాబిన్, వెనక తలుపు దించితే తెరుచుకునే తొట్టి. మంచాలు, బీరువాలు, ఫ్రిజ్‌లు, వాటి మీద పరుపులు, పరుపుల మీద కుర్చీలు తలకిందులుగా. లోడు ఎంత ఎత్తు పెరిగినా సుమారు కంగారు పడేవాడు కాదు. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, వెనక చక్రానికీ దాని మీది రేకుకూ మధ్య ఉన్న ఖాళీని చూసేవాడు. ఆ ఖాళీలో చెయ్యి దూరితే ఇంకా వేయొచ్చని లెక్క. చెయ్యి దూరకపోతే వేళ్ళు పెట్టి చూసేవాడు. వేళ్ళు కూడా దూరకపోతే, "దారి బాగానే ఉంటుంది లెండి" అని బండెక్కేవాడు.

ఇంట్లో పరిస్థితి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. భార్య దర్జీ. ముందు గదిలో మిషను, మెడలో టేపు. దారాన్ని కూడా కొలిచి తెంపే మనిషి. "మా ఆయన మాట్లాడితే కాలర్ లేని చొక్కా చూసినట్టుంటుంది" అనేది వచ్చినవాళ్ళతో. వాళ్ళతో పాటే ఉండేవారు అత్తగారు, అంటే భార్య తల్లి. బలమైన విగ్రహం, అంతకంటే బలమైన గొంతు. కూతురి టేపుకు ఈ భూమ్మీద ఎవరైనా లొంగుతారేమో గానీ తాను లొంగనని చెప్పి, తన బట్టలు వేరే వీధిలో కుట్టించుకునేవారు.

సుమారు బండిలో వచ్చిన మార్పులన్నీ ఒక్క మేస్త్రి చేతుల మీదుగానే జరిగాయి. ఆ మేస్త్రి షెడ్డు పెట్రోలు బంకు పక్కన. బండి ఎప్పుడైనా బరువుకు మరీ కుంగితే, సుమారు తిన్నగా అక్కడికి వెళ్ళి, చక్రాల మీద బరువు ఆపే ఇనుప స్ప్రింగులు చూపించి, "కమాన్లలో ఇంకో పట్టీ వెయ్యి" అనేవాడు. మేస్త్రి వేసేవాడు. నేల రేకు సొట్ట పడితే, "పైన మందపాటి రేకు కొట్టెయ్యి" అనేవాడు. మేస్త్రి కొట్టేసేవాడు. పక్క గోడలు ఊగితే ఇనుప చట్రం. చట్రం ఊగితే దానికి ఇంకో చట్రం. ఎక్కడో మూలన పడిన పెద్ద లారీ బంపరు కనిపిస్తే అదీ బిగించారు. ఇలా బండి ఏడాదికేడాదికీ దిట్టంగా తయారవుతోందని సుమారు మురిసిపోయేవాడు.

అంతా సవ్యంగానే, సుమారుగా సవ్యంగానే, నడుస్తూండగా కండలాయన వచ్చాడు.

కండలాయనది వ్యాయామశాల. కింది వీధిలో ఉన్నదాన్ని పై వీధిలో కొత్త భవనంలోకి మారుస్తున్నాడు. సామానంతా ఇనుమే. ఒక్కొక్క బిళ్ళ మీదా దాని బరువు ఎంతో పోతపోసి మరీ ఉంది. ఇన్నేళ్ళ వృత్తిలో తన బరువు తానే చెప్పుకునే సామాను సుమారుకు తగలడం అదే మొదటిసారి. అయినా అతను ఆ అంకెల వంక చూడలేదు. చక్రం దగ్గర ఖాళీ వంకే చూశాడు.

"బిళ్ళలన్నీ చివర్లో వెయ్యాలి" అన్నాడు కండలాయన. "అక్కడికెళ్ళగానే ముందు అవే దించాలి. గది మధ్యలో ఉండాల్సింది అవే."

"అలాగే."

"ముందు వైపు రబ్బరు పరుపులు, అద్దాలు, గాలి బంతులు."

"అలాగే."

క్యాబిన్ వెనక ఉన్న చోటంతా పరుపులూ, మనిషంత మనిషంత గాలి బంతులూ నిండాయి. మధ్యలో పొడవాటి ఇనుప యంత్రం ఒకటి. అది తొట్టిలో పట్టక, దించిన తలుపు మీదుగా బయటికి వచ్చి కూర్చుంది. ఆ బయటికి వచ్చిన భాగం మీదా, దించిన తలుపు మీదా బిళ్ళలు పేర్చారు. సుమారు చెయ్యి పెట్టి చూశాడు. దూరింది. కొత్తగా వేయించిన పట్టీల గొప్పతనం అదీ అనుకున్నాడు.

కండలాయనా, అతని శిష్యులూ వెనకే నడిచి వస్తామన్నారు. అక్కడే అదృష్టం కాస్త కలిసొచ్చింది.

పై వీధికి వెళ్ళే దారి ఎత్తుగా ఉంటుంది. కూరగాయల కొట్టు దగ్గర మొదలవుతుంది ఆ ఎత్తు. సుమారు గేరు మార్చి యాక్సిలరేటర్ నొక్కాడు. ఎదురుగా ఉన్న రోడ్డు కిందికి జారిపోయింది. దాని స్థానంలో గోడ వచ్చింది. గోడ కూడా జారిపోయి మొదటి అంతస్తు వరండా వచ్చింది. వెనక ఎక్కడో ఇనుము నేలకు తగిలిన చప్పుడైంది. బండి ఆగింది.

ముందు చక్రాలు రెండూ మనిషి నడుమంత ఎత్తున గాలిలో ఉన్నాయి. సుమారు స్టీరింగు తిప్పి చూశాడు. ఎప్పుడూ లేనంత తేలిగ్గా తిరిగింది.

వరండాలో బట్టలు ఆరేస్తున్నావిడ చేతిలో క్లిప్పు పట్టుకుని అతని వంక చూసింది.

"ఎక్కడికండీ?"

"పై వీధికమ్మా."

"కింద నుంచి దారుందిగా."

సుమారు, "అవునమ్మా, అటే వెళ్తున్నా" అన్నాడు. తలుపు తీసి దిగబోయాడు. ఒక కాలు బయట పెట్టాడో లేదో, కింద నుంచి కండలాయన గొంతు వినిపించింది.

"దిగకు. నువ్వు దిగితే ముందు ఇంకా తేలికైపోతుంది. నా యంత్రం విరుగుతుంది."

సుమారు కాలు లోపలికి తీసుకున్నాడు. తన బరువుకు ఇంత విలువుందని జీవితంలో ఎవరూ అనలేదు.

ఈలోగా ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఇది పార్కింగు చేసినట్టా, పోతున్నట్టా?"

"పోతూ ఉన్నాను సార్."

"మరి ఇంజను?"

"నడుస్తోంది సార్."

"నడుస్తుంటే పార్కింగు కాదు. పోవట్లేదు కాబట్టి ప్రయాణమూ కాదు." కానిస్టేబులు దీర్ఘంగా ఆలోచించాడు. "ముందు దింపు. దించాక ఏ తప్పో చూద్దాం."

దించాలంటే వెనక బరువు తీయాలి. బిళ్ళలు యంత్రానికీ నేలకూ మధ్య ఇరుక్కున్నాయి, తీయాలంటే ఎవరైనా వెనక ఎక్కాలి. ఎక్కితే వెనక ఇంకా బరువవుతుంది. కండలాయన శిష్యులు, చేతులు తొడల్లా ఉన్న పిల్లలు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఒకడు ముందుకు వచ్చి బంపరు పట్టుకుని వేలాడాడు. బండి ఊగింది గానీ దిగలేదు. ఇంకొకడు వేలాడాడు. కాస్త దిగి, అలసిపోయినట్టు మళ్ళీ లేచింది.

అదే సమయంలో అత్తగారు కూరగాయల కొట్టులోంచి సంచితో బయటికి వచ్చారు. జనాన్ని చూశారు, బండిని చూశారు, తలెత్తి అల్లుణ్ణి చూశారు.

"అల్లుడుగారూ, పైకెందుకు వెళ్ళారు?"

"నేను వెళ్ళలేదత్తయ్యా. అదే వచ్చింది."

ఆవిడ కొట్టువాడి దగ్గర ఎత్తు బల్ల అడిగి తీసుకుని, బంపరు కింద వేయించుకుని, దాని మీదికెక్కారు. తర్వాత వెనక్కి తిరిగి, ఇంట్లో సోఫాలో కూర్చున్నంత నిదానంగా ఆ లారీ బంపరు మీద కూర్చున్నారు. శిష్యులు చటుక్కున బల్ల లాగేశారు. బండి ముందు భాగం, పెద్ద ఆసుపత్రుల్లో లిఫ్టు దిగినట్టు, ఆగకుండా, కుదుపు లేకుండా, నేల మీదికి వచ్చి ఆనింది. జనం చప్పట్లు కొట్టారు. వరండాలో ఆవిడ కూడా క్లిప్పు నోట్లో పెట్టుకుని మరీ కొట్టింది.

"ఇక లేవనా?" అన్నారు అత్తగారు.

"వద్దు" అన్నారు అందరూ ఒకేసారి.

సరే అని ఆవిడ అక్కడే కూర్చుని సంచిలోంచి బఠాణీ కాయలు తీసి ఒలుచుకోవడం మొదలుపెట్టారు. శిష్యులు నేల మీదే నిలబడి వెనక నుంచి బిళ్ళలు ఒక్కొక్కటీ లాగసాగారు. ఆ పనీ తొందరగా తెమల్లేదు. చిన్న బిళ్ళలు ముందు, పెద్దవి తర్వాత, వరసలోనే దించాలని కండలాయన పట్టుబట్టాడు. వరస తప్పితే మళ్ళీ పేర్చడం కష్టమట. కానిస్టేబులు సర్దిచెప్పబోతే, "నా సామాను బరువేమీ కాదు సార్. ఇతని బండే తేలిక" అన్నాడు.

సుమారు మనసులో గుచ్చుకున్న మాట అది. మిగతా అవమానమంతా ఒక ఎత్తు. కానీ ఏళ్ళ తరబడి ఇనుము తొడిగించి దిట్టం చేసుకున్న బండిని పట్టుకుని తేలిక అనడం అతనికి తలకొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చేసరికి కబురు తనకంటే ముందే వచ్చి కూర్చుంది. భార్య మిషను ఆపింది.

"అసలు మీ బండి ఎంత మోస్తుందండీ?"

"సుమారుగా..."

"ఆ మాట కాకుండా చెప్పండి."

ఆ మాట తీసేస్తే సుమారు దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

"బండి చేసినవాళ్ళు ఎక్కడో రాసే ఉంటారు కదా. చొక్కాకే లోపల సైజు కుట్టి ఉంటుంది, బండికి ఉండదా?"

ఉంది. క్యాబిన్ తలుపు తీస్తే పక్కన చిన్న రేకు. కానీ సుమారు బండికి రంగు తనే వేసుకుంటాడు, ఎక్కడ ఆపాలో తెలియని ఉత్సాహంతో. ఆ రేకు మీద పొరలు పొరలుగా నీలం రంగు గడ్డకట్టి ఉంది. భార్య కుట్లు విప్పే బ్లేడు తెచ్చి, దారం తెగకుండా కుట్టు విప్పినంత ఓపికగా గీకింది. ముందు ఒక సున్నా బయటపడింది. పక్కన ఇంకో సున్నా. చివరికి మొత్తం కనిపించింది: రెండు వేల ఐదు వందల కిలోలు.

సుమారు మొహం విప్పారింది. "చూశావా, రెండున్నర టన్నులు. ఇన్నాళ్ళూ నేనే దానికి అన్యాయం చేశాను. సగం లోడు కూడా వెయ్యలేదు."

బఠాణీ గింజలు చేతిలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడిన అత్తగారు, "ఆ రెండున్నరలో బండి కూడా ఉందేమో చూడండి" అన్నారు.

సుమారు నవ్వాడు. "బండి లోపల బండినెవరు వేస్తారత్తయ్యా?"

మర్నాడు మేస్త్రి దగ్గరికి వెళ్ళి ఇదే జోకు చెప్పాడు. మేస్త్రి నవ్వలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఉంటుంది" అన్నాడు.

"ఏముంటుంది?"

"బండి. ఆ అంకె చక్రాలు మొత్తంగా మోయగలిగిన బరువు. అందులో బండి ఉంటుంది, ట్యాంకులో డీజిలు ఉంటుంది, నువ్వుంటావు, నీ పక్కన కూర్చున్నవాళ్ళుంటారు. అవన్నీ తీసేశాక మిగిలిందే సామానుకు."

"మరి నువ్వు నాకు ఎన్నడూ చెప్పలేదే?"

"నువ్వు అడిగింది పట్టీలు" అన్నాడు మేస్త్రి. "పట్టీలు వేస్తే బండి వంగదు. వంగకపోవడం వేరు, మోయడం వేరు. ఇరుసు అదే, టైర్లు అవే, బ్రేకులు అవే. ముందు ఖాళీ బండి తూయించుకో."

లారీలు తూచే వేబ్రిడ్జి ఊరి చివర ఉంది. నేల మట్టానికి పరిచిన పెద్ద ఇనుప పలక, పక్కన ఒక గది, గది కిటికీలో ఎర్ర అంకెలు, అంకెల వెనక తూకం ఆయన. ఆ ప్రయాణానికి అత్తగారు తనంతట తానే బయల్దేరారు. నిన్న బండిని దించింది తాను కాబట్టి, దాని సంగతి ఏదైనా తన సమక్షంలోనే తేలాలన్నారు.

బండి పలక మీద ఆగింది. తూకం ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఖాళీ బండి తూయాలన్నారు. లోడెందుకు తెచ్చారు?"

"ఖాళీయేనండీ" అన్నాడు సుమారు.

తూకం ఆయన బయటికి వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు. ఏమీ లేదు. వంగి కిందికి చూశాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి అంకె చదివాడు. "రెండు వేల నూట యాభై."

సుమారు కాసేపు వేళ్ళు ముడిచి విప్పాడు. రెండు వేల ఐదు వందల్లోంచి తీస్తే మూడు వందల యాభై. ఇన్నేళ్ళూ మేడలకు మేడలు మోసిన తన బండికి మిగిలింది ఒక ఫ్రిజ్జూ, ఒక బీరువా, నాలుగు మూటలూ. నిన్నటి ఇనుము గుర్తొచ్చింది.

"పొరపాటు చదివారేమో" అన్నాడు.

"అమ్మగారిని దిగమనండి, మళ్ళీ తూస్తాను."

అత్తగారు కదల్లేదు. "నేను దిగితే ఎంత తగ్గుతుంది?"

"మీ బరువెంతో అంతే తగ్గుతుందమ్మా."

"అంటే నా బరువు అక్కడ ఎర్రగా కనపడుతుందన్నమాట."

తూకం ఆయన ఇబ్బందిగా చూశాడు. "లెక్కలో తేలుతుందండీ."

"అయితే నేను దిగను."

సుమారు బతిమాలాడు. తూకం ఆయన కిటికీ మూసేసి తానొక్కడే చూసుకుంటానని మాట ఇచ్చాడు. వెనక క్యూ కట్టిన లారీ డ్రైవరు హారన్ కొట్టి, కారణం తెలుసుకుని, ఆవిడ పక్షం వహించాడు. ఎవరెన్ని చెప్పినా ఆవిడ తలుపు హ్యాండిల్ మీది చెయ్యి తీయలేదు. చివరికి తూకం ఆయనే దారి చూపించాడు: అమ్మగారిని బండిలో భాగంగానే లెక్కవేసుకోండి, ఎప్పుడూ బండిలోనే ఉంటే లెక్క తప్పదు.

అలా ఆ క్షణం నుంచి అత్తగారు బండిలో భాగమయ్యారు.

తిరుగు దారిలో, ఆ బరువంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో సుమారుకు మెల్లమెల్లగా తెలుస్తోంది. రేకు మీద రేకు. చట్రానికి చట్రం. పట్టీల మీద పట్టీలు. లారీ బంపరు. సీటు కింద పెట్టెలో పనికొచ్చే జాకీ ఒకటి, పనికిరాని జాకీలు నాలుగు, ఏ బండివో తెలియని గొలుసులు. ఎక్కువ మోయాలని తాను తొడిగించినవన్నీ బండి మోసే బరువును కూర్చుని తినేశాయి. ఇంకో రెండేళ్ళు ఇలాగే దిట్టం చేయించి ఉంటే, బండి తనను తాను తప్ప ఇంకేదీ మోయగలిగేది కాదు.

"విప్పెయ్యి" అన్నాడు మేస్త్రితో.

"ఏది?"

"నువ్వు వేసిందంతా."

వేసినప్పుడు ఎంత శ్రద్ధగా వేశాడో, విప్పేటప్పుడూ మేస్త్రి అంతే శ్రద్ధగా విప్పాడు. అతని మొహంలో ఏ మార్పూ లేదు. విప్పిన ఇనుమంతా షెడ్డు ముందు గుట్టగా పడింది. పాత ఇనుము కొనేవాడి దగ్గరికి చేర్చాలంటే బండి కావాలి. ఉన్నది ఇదొక్కటే. దాంతో ఆ రేకులూ, చట్రాలూ, బంపరూ, పట్టీలూ అన్నీ మళ్ళీ అదే బండిలోకి ఎక్కించారు. బండి బరువు మళ్ళీ పాత అంకెకే వచ్చింది. కానీ అప్పుడు అది బండి, ఇప్పుడు సామాను. సుమారు ఎంతో ప్రశాంతంగా నడుపుకుంటూ వెళ్ళాడు. అత్తగారు పక్కనే కూర్చున్నారు, లెక్క తప్పకుండా.

మళ్ళీ తూయిస్తే పదహారు వందల యాభై వచ్చింది, మనుషులతో, డీజిలుతో సహా. మిగిలింది ఎనిమిది వందల యాభై. సుమారు ఆ అంకెను దేవుడి పటం చూసినట్టు చూసుకున్నాడు. అక్కడితో కథ బాగుపడాల్సింది. కానీ సుమారుగా బతికిన మనిషికి ఒక్కసారిగా ఖచ్చితత్వం దొరికితే ఏమవుతుందో ఆ ఇంట్లోవాళ్ళకు అప్పుడే తెలిసింది.

అతను నేల మీద పెట్టుకుని ఎక్కే కాటా ఒకటి కొన్నాడు. ఇల్లు మారేవాళ్ళ గుమ్మంలో దాన్ని పెట్టి, తలగడ దగ్గర నుంచి తూయడం మొదలుపెట్టాడు. కాటా మీద పట్టని వస్తువైతే, దాన్ని ఎత్తుకుని తానే కాటా ఎక్కి, తర్వాత తన బరువు తీసేసేవాడు. మధ్యలో ఎవరైనా టీ ఇస్తే తాగేవాడు కాదు, లెక్క మారుతుందని. ఒక ఇంట్లో ఊరగాయల జాడీ పక్కన పెట్టించి, "ఇది తర్వాతి ట్రిప్పులో" అన్నాడు. మరో ఇంట్లో పెద్దాయన గోడ గడియారం చేత్తో పట్టుకుని క్యాబిన్ ఎక్కుతానంటే, గడియారాన్ని తూచాడు గానీ ఆయన్ను తూయబోయేసరికి ఆయన కోడలు తలుపేసుకుంది. ఉదయం మొదలైన పని సాయంత్రానికి కూడా గుమ్మం దాటేది కాదు. కొందరు సగంలోనే వేరే బండిని పిలుచుకున్నారు. వీధిలో పిల్లలు అతన్ని చూస్తే పుస్తకాల సంచీలు దాచుకునేవారు.

అత్తగారు మాత్రం ఏ రోజూ మానలేదు. కొత్త కొత్త ఇళ్ళు చూడటం ఆవిడకు బాగా నచ్చింది. వంటిల్లు చీకటిగా ఉందని, ఈ గదిలో మంచం అటు తిప్పాలని సలహాలు చెప్పేవారు. ఒకరోజు కూతురు, "అమ్మా, ఇవాళ నువ్వు ఇంట్లో ఉండరాదూ, బండి తేలిగ్గా ఉంటుంది" అంటే, "తేలికైతే లెక్క తప్పదూ?" అన్నారు. సుమారు కూడా, "అవును, ఆవిడ ఉండాలి" అన్నాడు గంభీరంగా.

ఒక మధ్యాహ్నం సుమారు ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాడు. ఎనిమిది వందల యాభైకి రెండు కిలోలు ఎక్కువ వచ్చిందట. చీపురూ బకెట్టూ తీసేయమంటే ఇంటావిడ ఒప్పుకోలేదు. తీయకుండా కదలనని ఇతను. చివరికి వాళ్ళు సామానంతా దించేసుకున్నారు.

భార్య కుడుతున్న చొక్కా మిషను మీంచి తీసి, లోపలి వైపు తిప్పి చూపించింది.

"ఇదేంటో తెలుసా?"

"కుట్టు."

"కుట్టు పక్కన?"

"మిగిలిన గుడ్డ."

"మిగల్లేదు. నేను వదిలాను. కొలత ఎంతుందో అంతకే కోసి కుట్టేస్తే, చెయ్యి ఎత్తగానే చిరుగుతుంది. ముందు ఖచ్చితంగా కొలవాలి. కొలిచాక కాస్త వదలాలి. మీరు మొదట కొలవకుండా వదిలేశారు. ఇప్పుడు వదలకుండా కొలుస్తున్నారు."

సుమారు ఆ చొక్కా లోపలి అంచు మీద వేలు పెట్టి చూశాడు.

"ఎంత వదలను?" అన్నాడు.

"నూట యాభై వదిలెయ్యండి. ఏడు వందలే మీ బండి మోసేది అనుకోండి. గోతులు, మలుపులు, ఎవరో చెప్పకుండా పెట్టిన రోలు, అన్నీ ఆ నూట యాభైలో పోతాయి."

మేస్త్రి ఇంకో ముక్క కలిపాడు: బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ చూడమన్నాడు. బరువైనవన్నీ అడుగున, క్యాబిన్ వైపుకు. వెనక చక్రాల అవతల పరుపులూ కుర్చీలే. తలుపు దించి దాని మీద ఏదీ పెట్టకూడదు. సుమారు కాటాను భార్యకు ఇచ్చేశాడు. ఆవిడ దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటుంది. అత్తగారు ఆ గదిలోకి వెళ్ళడం మానేశారు. కొన్నాళ్ళకు బీరువా ఎంత, మంచం ఎంత, పుస్తకాల పెట్టె ఎంత అన్నది సుమారుకు చేతికే తెలిసిపోయింది. ఏడు వందలు దాటేలా ఉంటే ఇక వాదన లేదు. "రెండు ట్రిప్పులండీ" అనేవాడు.

రెండు ట్రిప్పులంటే జనానికి మొదట చిరాకే. కానీ రెండు ట్రిప్పుల మధ్య ఒక విచిత్రమైన వేళ ఉంటుందని సుమారు గమనించాడు. సగం ఇల్లు అక్కడ, సగం ఇల్లు ఇక్కడ. ఆ వేళలో మనుషులు మెట్ల మీద కూర్చుని ఏదేదో ఆలోచిస్తారు. ఒకావిడ ఆ గంటలోనే కొత్తింటి రంగు నచ్చలేదని తేల్చుకుంది. ఒకాయనకు ఎప్పుడో పోయిందనుకున్న కళ్ళజోడు ఖాళీ అయిన మూలలో దొరికితే, ఆయన మళ్ళీ పేపరు చదవడం మొదలుపెట్టాడు.

ఈ మధ్య ఇద్దరు అన్నదమ్ములు పిలిచారు. ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన మనుషులు, టీవీ చప్పుడు గురించి మాటా మాటా వచ్చి విడిపోతున్నారు. తమ్ముడు రెండు వీధుల అవతల ఇల్లు చూసుకున్నాడు. అన్న వసారాలో కుర్చీ వేసుకుని, మొహం గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. సామాను వెయ్యి కిలోలకు తక్కువుండదు. సుమారు ఒక్కసారి చూసి రెండు ట్రిప్పులన్నాడు. బీరువా, మంచం, పుస్తకాలు మొదటి ట్రిప్పులో వెళ్ళిపోయాయి.

అవి దించి బండి తిరిగి వచ్చేసరికి అన్న వసారాలో లేడు. తమ్ముడి ఖాళీ గదిలో, తన మంచం లాక్కొచ్చి వేసుకుని, దాని మీద కూర్చుని ఉన్నాడు.

"ఇక్కడ మాట్లాడితే గొంతు మోగుతోంది" అన్నాడు సుమారుతో. "రాత్రి నిద్ర పట్టదు. వాణ్ణి తెచ్చెయ్."

"మరి టీవీ సంగతి?" అన్నారు క్యాబిన్‌లోంచి దిగకుండానే అత్తగారు.

"చెవుల్లో దూది పెట్టుకుంటానమ్మా."

సుమారు ఖాళీ బండితో తిరిగి వెళ్ళాడు. తమ్ముడు కొత్తింటి గుమ్మంలో, కట్టిన మూట మీద అలాగే కూర్చుని ఉన్నాడు. ఒక్క ముడీ విప్పలేదు. విషయం చెప్తే లేచి, మంచానికి ఒక వైపు పట్టుకున్నాడు.

కానీ సామాను తిరిగి వచ్చాక అవే వస్తువులు అదే గదిలో పట్టలేదు. అన్న మంచం అడ్డం. తీయమంటే తీయనన్నాడు, ఇక మీదట అక్కడే పడుకుంటాడట. బీరువాను నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు. ఇటు తిప్పమని అన్న, అటు తిప్పమని తమ్ముడు, పొద్దున లేని గొడవ కొత్తగా మొదలైంది. సుమారు వాళ్ళిచ్చిన మంచినీళ్ళు గటగటా తాగి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బీరువా వసారాలోనే ఉండిపోయింది. ఎడమ తలుపు అన్నదీ, కుడి తలుపు తమ్ముడిదీ అని పంచుకున్నారు.